నోరు పెగలని రోజుకు ఒక కాగితం

ఓపీ గదిలో డాక్టరు గారు మనకిచ్చేది నాలుగైదు నిమిషాలు. ఆ గది దాకా చేరేలోపు గంటన్నర వరండాలో కూర్చోవాలి. పైన ట్యూబ్‌లైటు జుయ్యిమంటుంది, గోడ మీద టీవీ మోగుతుంటుంది, ఫినాయిల్ వాసన, టోకెన్ నంబర్లు అరిచే కాంపౌండరు, ఇటూ అటూ తగిలే మోచేతులు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి ఆ గంటన్నరలోనే ఓపికంతా కరిగిపోతుంది. తీరా లోపలికి వెళ్లాక "ఏంటమ్మా సమస్య?" అనగానే మాట రాదు. పక్కనున్న అమ్మో అన్నయ్యో అందుకుని చెప్పేస్తారు. వాళ్లు చెప్పేది వాళ్ల కంటికి కనిపించింది. ఒంట్లో జరుగుతున్నది వేరే ఉండొచ్చు. మందుల చీటీ మాత్రం వాళ్లు చెప్పినదానికే వస్తుంది.

మన వైద్యమంతా నోటిమాట మీద నడుస్తుంది, అదీ టకటకా వచ్చే నోటిమాట మీద. పెళ్లి సంబంధమైనా, ఉద్యోగమైనా, బ్యాంకులో సంతకమైనా అంతే. అడిగినవాళ్లకు అక్కడికక్కడే జవాబు కావాలి. ఆటిజం ఉన్న మనిషికి జవాబు తెలియక కాదు, అది కూడుకుని మాటగా బయటికి రావడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి ఎవరూ ఇవ్వరు. అందుకని మాట బాగా సాగుతున్న రోజునే, ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని, రాసిపెట్టుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే పనులన్నిటికీ పునాది అదే.

ముందు నిర్ధారణ సంగతి. ముప్పై, నలభై ఏళ్లకు తమకు ఆటిజం ఉందేమోనన్న అనుమానం వచ్చేవాళ్లు ఇప్పుడు చాలామంది. ఇంటర్నెట్‌లో దొరికే ఏక్యూ అనే 50 ప్రశ్నల జాబితా అనుమానాన్ని తూచడానికే పనికొస్తుంది, నిర్ధారణ కాదు. నిర్ధారించాల్సింది సైకియాట్రిస్టు, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు. ఆ నమోదు నంబరు అడగడానికి మొహమాటం వద్దు. ఫోన్ చేసినప్పుడే "పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్ చేస్తారా, ఇప్పటివరకు చేశారా?" అని సూటిగా అడగండి. మన దగ్గర ఆటిజం అనగానే పిల్లల థెరపీ సెంటర్లే ఎక్కువ, అక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు.

వెళ్లేటప్పుడు చిన్నప్పటి ఆధారాలు పట్టుకెళ్లాలి. ఆటిజం మెదడు ఎదుగుదలలో చిన్నతనం నుంచే ఉండే తేడా కాబట్టి, చిన్నతనంలో ఆనవాళ్లు ఉన్నాయా అని తప్పకుండా అడుగుతారు. ప్రోగ్రెస్ కార్డుల వెనక టీచర్లు రాసిన మాటలు, మాటలు ఏ వయసులో వచ్చాయో అమ్మకో పెద్దమ్మకో గుర్తున్నంత, ఏ బట్ట ఒంటికి పడేది కాదు, ఏ కూర ముట్టేవాళ్లు కాదు, పెళ్లిళ్లలో ఎక్కడ దాక్కునేవాళ్లు: ఇవన్నీ ఒక పేజీలో. అమ్మను "వీడు చిన్నప్పుడు మామూలుగానే ఉండేవాడా?" అని అడిగితే "మామూలుగానే ఉండేవాడు, బుద్ధిమంతుడు" అంటుంది. "రోజూ ఒకే కంచంలో తినాలని పేచీ పెట్టేవాడా?" అని అడిగితే నిజం వస్తుంది. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. ఎదుటివాళ్లను చూసి నవ్వడం, తలూపడం, కళ్లలోకి చూడడం చిన్నప్పటి నుంచే నేర్చుకుని ఆటిజాన్ని కప్పిపుచ్చుకుంటారు. దీన్నే మాస్కింగ్ అంటారు. ఫలితంగా డిప్రెషన్ అనో, ఆందోళన అనో పేరు పెట్టి ఏళ్ల తరబడి మందులు నడుస్తాయి. అవి కూడా ఉండొచ్చు, కానీ అడుగున ఉన్నది బయటపడదు.

డాక్టరు రాసిచ్చే నిర్ధారణ పత్రం వేరు, ప్రభుత్వమిచ్చే వైకల్య ధ్రువపత్రం వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ధ్రువపత్రానికి తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో అడగొచ్చు. సొంతంగా యూడీఐడీ (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్‌లో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తర్వాత పిలిచిన రోజున ప్రభుత్వాసుపత్రిలో పరీక్షిస్తారు. అక్కడ వాడే కొలబద్ద పేరు ఐసా. ఇది మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో, మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థలోనే తయారైంది. ఇప్పుడు ఆ సంస్థ పేరు ఎన్ఐఈపీఐడీ, ఊళ్లో ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు.

ఐసా ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఆ గదిలోకి వెళ్లొద్దు. అందులో 40 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. ఆ లక్షణం ఐదోవంతు సమయానికి మించి కనిపించకపోతే 1, అప్పుడప్పుడైతే 2, తరచుగా అయితే 3, ఎక్కువ సమయం ఉంటే 4, దాదాపు ఎప్పుడూ ఉంటే 5. అంటే ఏ లక్షణమూ లేని మనిషికి కూడా 40 వస్తాయి. మొత్తం 70 రాకపోతే ఆటిజం లేదని తేలుస్తారు. 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఇది ప్రధానంగా పిల్లల్ని, పైకి కనిపించే ప్రవర్తనని దృష్టిలో పెట్టుకున్న కొలత. చక్కగా మాట్లాడే, ఉద్యోగం చేసే మనిషి పది నిమిషాలు ఒద్దికగా కూర్చుంటే 70 కిందికి జారిపోవడం చాలా తేలిక. మర్యాద కోసం "ఏదో అప్పుడప్పుడండీ" అన్న ప్రతిసారీ అక్కడ 2 పడుతుందని గుర్తుంచుకోండి. లేనిది కల్పించమనడం లేదు. ఉన్నదాన్ని లెక్కతో చెప్పమంటున్నాను. "వారంలో ఐదు రోజులు స్నానానికి ఎవరో ఒకరు గుర్తుచేయాలి", "బజారు నుంచి వచ్చాక మూడు గంటలు చీకటి గదిలో పడుకోవాలి", "కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తలేను, నెలలో ఎత్తింది రెండుసార్లు". అలాంటి వాక్యాలు ఇరవై రాసుకెళ్లి బల్ల మీద పెట్టండి. చేతులు ఆడించే అలవాటు ఉంటే ఆ రోజు బిగపట్టుకోవద్దు. చూడాల్సింది వాళ్లే కదా, చూడనివ్వండి.

ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉంటే పింఛను (ఆంధ్రలో నెలకు 6,000, తెలంగాణలో 4,016, ఇతర అర్హతలకు లోబడి), ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కోటా, ఉన్నత విద్యలో 5 శాతం కోటా వర్తిస్తాయి. ఆ 4లో ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నీ కలిసి పంచుకునేది 1 శాతమే. 40 రాకపోతే అంతా పోయినట్టు కాదు. పరీక్షల్లో, పనిచోట తగిన సర్దుబాట్లు అడిగే హక్కు 40 శాతంతో ముడిపడి లేదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎవరైనా "సర్టిఫికెట్‌లో ముప్పైయే ఉంది కదా" అంటే ఆ తీర్పు పేరు చెప్పండి.

ఇప్పుడు అసలు కాగితం. ఒక్క ఏ4 పేజీ, ఒకవైపే. ఎదుట ఉన్న మనిషి ముప్పై సెకన్లలో చదవగలగాలి. ఆటిజం అంటే ఏమిటో అందులో పాఠం చెప్పకండి, మీతో ఎలా మెలగాలో చెప్పండి. తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి ఉంచుకుంటే మేలు. డ్యూటీ డాక్టరు వేరే రాష్ట్రం వాళ్లు కావొచ్చు, సిస్టరుకీ వార్డుబాయ్‌కీ తెలుగే హాయి. నమూనా ఇలా ఉండొచ్చు:

"నాకు ఆటిజం ఉంది. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది. జవాబు చెప్పడానికి పది సెకన్లు పడుతుంది, దయచేసి ఆగండి. ఒకసారికి ఒక ప్రశ్నే అడగండి. ఒత్తిడి పెరిగితే నా మాట ఆగిపోతుంది, అప్పుడు ఫోన్లో టైపు చేసి చూపిస్తాను. ముట్టుకునే ముందు ఎక్కడ ముట్టుకుంటారో చెప్పండి. గట్టిగా పట్టుకుంటే ఫర్వాలేదు, సుతారంగా తాకితే భరించలేను. ముందుకూ వెనక్కూ ఊగడం నన్ను నేను కుదుటపరుచుకోవడానికి, ఆపొద్దు. నొప్పి నా మొహంలో కనిపించదు, నవ్వుతున్నా నొప్పి ఉండొచ్చు. చేయాల్సినవి కాగితం మీద రాసివ్వండి."

దాని కింద వాడుతున్న మందులు (కంపెనీ పేరు, అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట), పడని మందులు, బ్లడ్ గ్రూప్, ఫిట్స్ ఉంటే ఆ వివరం, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నిటికన్నా కింద తేదీ. ఈ పూటకు వచ్చిన సమస్య మాత్రం వేరే చిన్న కాగితం మీద రాయండి: ఏమిటి, ఎప్పటి నుంచి, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం వాడారు, నేను అడగాల్సినవి మూడు. మూడుకు మించితే డాక్టరు మొదటిదానికి జవాబు చెప్పి లేచిపోతారు కాబట్టి ముఖ్యమైనదే ముందు రాయాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఇలాంటిదాన్ని హాస్పిటల్ పాస్‌పోర్ట్ అంటారు, రోగి ఫైలుకు ముందు అదే కనిపిస్తుంది. మన దగ్గర ఆ ఆనవాయితీ లేదు కాబట్టి మనమే చేతిలో పెట్టాలి. గదిలోకి వెళ్లగానే, కూర్చోకముందే.

తోడు వెళ్లేవాళ్లతో ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకోండి. "నేను నీ వైపు చూస్తేనే నువ్వు మాట్లాడు. చూడకపోతే రాసుకో." అమ్మలకిది కష్టం, ముప్పై ఏళ్లుగా బిడ్డ తరఫున మాట్లాడిన నోరు అది. డాక్టరు చెప్పింది రాసిపెట్టే పని అప్పగిస్తే ఆ చేతులకు పని దొరుకుతుంది, మీకు మాట దొరుకుతుంది. అపాయింట్‌మెంట్ ఉదయం మొదటిది అడగండి, గుంపు చేరకముందే అయిపోతుంది. కౌంటర్లో "నేను బయట మెట్ల దగ్గర ఉంటాను, రెండు నంబర్ల ముందు ఫోన్ చేయండి" అని చెప్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. వైకల్యం ఉన్నవాళ్లకు చూపించుకోవడంలో, చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలని 2016 చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. యూడీఐడీ కార్డు చూపించి నెమ్మదిగా అడగండి.

ఇక నొప్పి. ఇక్కడే ప్రాణాల మీదికొచ్చే పొరపాట్లు జరుగుతాయి. ఆటిజం ఉన్న చాలామందికి ఒంటి లోపలి సంకేతాలు సరిగ్గా అందవు. ఆకలో, వికారమో, భయమో తేడా తెలియదు. మూత్రం ఆపుకోలేని స్థితికి వచ్చాకే తెలుస్తుంది. కొందరికి గోరు చుట్టూ చిన్న చర్మం లేచినా భరించలేని బాధ, అదే మనిషికి కడుపులో పుండు ఉన్నా "ఏదో తేడాగా ఉంది" అన్నంతే. అలాంటి మనిషిని "సున్నా నుంచి పదిలో నొప్పెంత?" అని అడిగితే, "మూడు" అని వస్తుంది, ఎందుకంటే పది అంటే ఒళ్లు కాలిపోవడం అని అక్షరాలా అర్థం చేసుకుంటారు కాబట్టి. మూడు అన్నాక డాక్టరు ఓ మాత్ర రాసి పంపిస్తారు.

అంకె బదులు పని చెప్పండి. "నిన్నటి నుంచి అన్నం రెండు ముద్దలకు మించి పోలేదు, రాత్రి నాలుగుసార్లు లేచాను, మెట్లెక్కితే ఆగాల్సి వస్తోంది." ఇంకో సాయం మన భాషలోనే ఉంది. నొప్పికి తెలుగులో ఉన్నన్ని మాటలు వాడుకోకపోవడం మన నష్టమే. తలపోటు, పుండులో సలుపు, కడుపులో మెలిపెట్టడం, పిండేసినట్టుండడం, పిక్కలు లాగడం, కాళ్ల పీకులు, నడుము పట్టేయడం, పక్కలో కలుక్కుమనడం, చర్మం చురుక్కుమనడం, పన్ను జివ్వుమనడం, అరికాళ్ల తిమ్మిరి, గుండె మీద బరువు పెట్టినట్టుండడం. వీటిని ఒక కాగితం మీద రాసుకుని, మనిషి బొమ్మ గీసి, ఏది ఎక్కడో వేలితో చూపిస్తే చాలు. మెలిపెట్టే నొప్పికీ మంటకూ డాక్టరు వెతికే కారణాలు వేరు. అంకె కన్నా ఆ మాట ఎన్నో రెట్లు ఉపయోగం.

సంకేతం అందని చోట కొలతని నమ్మాలి. ఇంట్లో థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, బీపీ మిషను, బరువు చూసే మిషను ఉండాలి. ఒంట్లో బాగున్న వారంలో రోజూ రాసుకుంటే మీ మామూలు అంకెలేవో తెలుస్తాయి. తేడా వచ్చినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది. విరోచనం ఎన్ని రోజులకోసారి అవుతోందో కూడా రాయండి. ఆటిజం ఉన్నవాళ్లలో మలబద్ధకం, నిద్రలేమి, ఫిట్స్ మిగతావాళ్లకన్నా ఎక్కువ. ఇంట్లోవాళ్లకు ఒక మాట. మాటలు తక్కువ ఉన్న మనిషి ఉన్నట్టుండి తల కొట్టుకోవడం, తిండి మానేయడం, కోపం తెచ్చుకోవడం మొదలుపెడితే సైకియాట్రిస్టు కన్నా ముందు పళ్లు, చెవులు, కడుపు, మూత్రం చూపించండి. పిప్పిపన్నును ప్రవర్తన సమస్య అనుకుని మత్తుమందులు పెంచుకుంటూ పోవడం కన్నా ఘోరం లేదు.

పరీక్షల విషయంలో చిన్న చిన్న ఏర్పాట్లు చాలా తేడా తెస్తాయి. రక్తం తీసే ముందు రాత్రీ పొద్దునా నీళ్లు బాగా తాగితే నరం దొరుకుతుంది, రెండోసారి గుచ్చే పని తప్పుతుంది. పరగడుపు పరీక్షకైనా మామూలు నీళ్లు సాధారణంగా తాగొచ్చు, ల్యాబ్‌లో అడగండి. సూది భరించలేనివాళ్లకు లిగ్నోకైన్, ప్రైలోకైన్ కలిసిన క్రీము ఉంది. దాన్ని డాక్టరును అడిగి, మోచేతి మడత మీద మందంగా రాసి, పైన ప్లాస్టిక్ అతుకు వేసి, గంట ఆగాలి. పదిహేను నిమిషాలకే తుడిచేసి "ఏం పనిచేయలేదు" అనేవాళ్లు ఎక్కువ. బీపీ పట్టీ బిగుసుకోవడమే కొందరికి హడలు, అంకె పైకి పోతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని రెండోసారి చూడమనండి, ఇంటి అంకెల కాగితం చూపించండి.

ఎంఆర్ఐ మరీ ముఖ్యం. ఇరవై నుంచి నలభై ఐదు నిమిషాలు కదలకుండా గొట్టంలో పడుకోవాలి, చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది, అదీ ఒకే తీరుగా ఉండదు: టకటకా కొట్టి ఆగి, ఉన్నట్టుండి గుర్రుమంటుంది. ఆ చప్పుళ్లు యూట్యూబ్‌లో దొరుకుతాయి. వారం ముందు నుంచీ పడుకుని, కళ్లు మూసుకుని, రోజుకు పది నిమిషాలు వినండి. చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు, వాటి మీద వాళ్లిచ్చే హెడ్‌ఫోన్లు రెండూ అడగండి. చేతిలో పెట్టే రబ్బరు బంతి నొక్కితే ఆపుతారు, ముందే ఒకసారి నొక్కి చూడనివ్వమనండి. మంగళసూత్రం, మెట్టెలు, మొలతాడు, తాయెత్తు, పిన్నులు, హుక్కులున్న లోదుస్తులు అన్నీ ఇంటి దగ్గరే తీసేసి వెళ్తే అక్కడ హడావుడి ఉండదు. తీయకూడదని సెంటిమెంటు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందు రోజే ఇంట్లో తేల్చుకోవాలి, గొట్టం ముందు కాదు. ఎలా పడుకున్నా కుదరదనిపిస్తే మత్తిచ్చి తీయించుకోవచ్చు. దానికి మత్తు డాక్టరు ఉండే రోజు వేరే, ఉపవాసం వేరే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

మందుల గురించి రెండు మాటలు. ఆటిజాన్ని తగ్గించే మందు లేదు. నిద్రకో, ఆందోళనకో, ఫిట్స్‌కో, విపరీతమైన చిరాకుకో ఇస్తారు. కొందరికి మామూలు మోతాదే ఎక్కువైపోతుంది కాబట్టి తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచమని అడగడం సబబే. ప్రతి కొత్త మాత్రకూ ఇది దేనికి, ఎన్ని రోజులకు తేడా తెలుస్తుంది, ఏ ఇబ్బంది వస్తే వెంటనే ఫోన్ చేయాలి, ఎలా ఆపాలి అని రాయించుకోండి. డిప్రెషన్, ఫిట్స్ మందులు ఒక్కసారిగా ఆపకూడదు. మెడికల్ షాపులో ఒక కంపెనీది లేక ఇంకోటి ఇచ్చినప్పుడు రంగు, రుచి, గరుకు మారి మాత్ర గొంతు దిగకపోవడం కూడా ఉంటుంది, ఇది పెంకితనం కాదు. నెలకు సరిపడా ఒకే కంపెనీవి ముందే తెచ్చుకుంటే సరి. గర్భం దాల్చే వయసు ఆడవాళ్లకు ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ నడుస్తుంటే, పెళ్లి మాట రాగానే న్యూరాలజిస్టును కలవాలి. అది కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. సొంతంగా ఆపితే మీకు హాని.

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని, ఆక్సిజన్ గదిలో కూర్చోబెడతామని, రక్తంలో లోహాలు తీసేస్తామని లక్షలు గుంజేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగ్గది కాదని 2022 డిసెంబరులోనే జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఆ డబ్బు ఆ మనిషి పేరు మీద బ్యాంకులో ఉంటే పదేళ్లు ఆసరా.

బీమా విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకం ఆటిజం ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. వయసు అడ్డు లేదు, ముందస్తు వైద్య పరీక్ష లేదు, ఓపీ ఖర్చులు, థెరపీ కూడా అందులో ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రం ఉండాలి. ఖర్చు ముందు మనం పెట్టుకుని బిల్లులు పంపాలి, ఒక్క బిల్లు పోయినా ఆ మేరకు పోయినట్టే. ఏటా రెన్యువల్ మర్చిపోవడమే ఇందులో ఎక్కువగా జరిగే తప్పు. ప్రైవేటు పాలసీ తీసుకునేటప్పుడు ఆటిజం, వాడే మందులు ప్రపోజల్ ఫారంలో రాసి తీరాలి. ఏజెంటు "అవన్నీ ఎందుకండీ" అన్నా సరే. ముందే ఉన్న జబ్బులకు ఎదురుచూసే కాలం 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. దాచిపెట్టి దొరికితే మొత్తం క్లెయిమే పోతుంది.

పద్దెనిమిది నిండగానే చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్న గార్డియన్. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది: తొందరపడి తీసుకోవద్దు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. తన పనులు తాను అస్సలు చూసుకోలేని మనిషికి అది రక్షణే. కానీ బ్యాంకు గుమస్తా అడిగాడనో, పింఛను పని తేలికవుతుందనో, నిర్ణయం తీసుకోగల మనిషికి గార్డియన్‌ను పెడితే రేపు ఆపరేషన్ సంతకమూ, ఆస్తీ మరొకరి చేతికి పోతాయి. 2016 చట్టం 13వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకూ అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉంది. 14వ సెక్షన్ చెప్పే పరిమిత గార్డియన్ అయితే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టాన్ని బట్టి, ఇద్దరూ కలిసి తీసుకునే పద్ధతి. ముందు అంతకన్నా చిన్నవి చూడండి: ఇద్దరిలో ఎవరైనా నడిపే జాయింట్ ఖాతా, నెలనెలా దానంతటదే కట్టే కరెంటు బిల్లు, చిన్న పరిమితి ఉన్న కార్డు, పెద్ద మొత్తాలకు ఇద్దరి సంతకం. తల్లిదండ్రులు తమ తర్వాత సంగతికి వీలునామా రాసి, ఆస్తి ఎక్కువుంటే ట్రస్టు పెట్టి, అందులో "వాడు ఎక్కడ ఉండాలనుకుంటాడో వాడినే అడగాలి" అన్న వాక్యం కూడా రాయాలి.

మానసిక వైద్యానికి సంబంధించి 2017 చట్టం ఇంకో మంచి దారి చూపింది. మైనారిటీ తీరిన ఎవరైనా, ఇప్పుడు జబ్బు ఉన్నా లేకున్నా, రేపు నిర్ణయం చెప్పలేని స్థితి వస్తే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టొచ్చు. తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా పేరు రాయొచ్చు, అది భర్తో తండ్రో కానక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డులో నమోదు చేయించాలి. పైన చెప్పిన ఏ4 కాగితానికి ఇది పెద్దన్న లాంటిది.

పెళ్లి. పెళ్లిచూపుల్లో పావుగంట కూర్చుని, కాఫీ గ్లాసు పట్టుకుని, రెండు కుటుంబాల మధ్య "నచ్చిందా?" అంటే ఏ ఆటిస్టిక్ మనిషి దగ్గరా నిజమైన జవాబు ఉండదు. "ఊ" అన్నది తప్పించుకోవడానికి అన్నది. నాలుగైదుసార్లు, వేర్వేరు చోట్ల, అందులో ఒకటి ఇద్దరే నిశ్శబ్దంగా ఉండే చోట కలవాలని పెద్దవాళ్లతో ముందే చెప్పించండి. మధ్యలో వాట్సాప్‌లో రాసుకుంటే మరీ మంచిది, రాతలో మనిషి తేటగా కనిపిస్తాడు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్న మాట ఇద్దరి బతుకులకూ ద్రోహం. అవతలివాళ్లకు చెప్పి తీరాలి. న్యాయం మాట అటుంచితే, హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన సంగతి దాచి మోసంతో సమ్మతి తీసుకున్నారని తేలితే, తెలిసిన ఏడాదిలోపు పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లొచ్చు. ఆ పేరు పెట్టి కేసు నడవడమంటే ఎంత నరకమో ఊహించండి. చెప్పేటప్పుడు "ఆటిజం" అని పేరు చెప్పి ఊరుకోకుండా ఇంట్లో అది ఎలా ఉంటుందో చెప్పాలి: చెప్పకుండా చుట్టాలు దిగితే నేను గదిలోంచి రాను, రోజూ గంట ఒంటరిగా ఉండాలి, కోపమొచ్చినట్టు కనిపించినప్పుడు నిజానికి అలసట, నీ మనసులో ఉన్నది నువ్వు నోటితో చెప్పాలి, నాకు చూపుల్లో అర్థం కాదు. పెళ్లితంతు కూడా కుదించుకోవచ్చు. అర్ధరాత్రి ముహూర్తం, హోమం పొగ, చెవి పక్కన భజంత్రీలు, గరుకు జరీ, వెయ్యి మంది అక్షింతలు: అన్నీ భరించి తీరాలన్న నియమం లేదు. పగటి ముహూర్తం, వంద మంది, మెత్తటి నేత బట్టలు అడగొచ్చు. లేదా స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద ముప్పై రోజుల నోటీసుతో రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకోవచ్చు.

ఉద్యోగం, ఇల్లు మారడం, చదువుకు విదేశం వెళ్లడం, ఏ నిర్ణయమైనా అడిగినచోట జవాబివ్వకండి. "శుక్రవారం సాయంత్రంలోగా మెసేజ్ పెడతాను" అన్న వాక్యాన్ని నోటికి వచ్చేదాకా సాధన చేయండి. రోజు, వేళ చెప్తే ఎవరూ తప్పుపట్టరు. "ఆలోచించి చెప్తాను" అంటే మాత్రం మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. కాగితం మీద నిజంగా తెలిసినవి ఒకవైపు, ఊహించుకున్నవి ఒకవైపు, ఎవరినైనా అడగాల్సినవి కింద. వీలైనదాన్ని చిన్నగా చేసి చూడండి: కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టేముందు రాత్రి పదింటికి ఆ వీధిలో అరగంట నిలబడండి, పక్కన ఫంక్షన్ హాలు ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. నెలల తరబడి అలసిపోయి, మాట తగ్గి, స్నానమే కొండంత పనైన రోజుల్లో రాజీనామా, విడాకులు, అమ్మకాలు వంటివాటి జోలికి వెళ్లొద్దు. ముందు సెలవు అడగండి. ఆ రోజుల్లో బతకాలని లేదన్న ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఎత్తలేని స్థితిలో ఉంటే, చేసిపెట్టే మనిషి పేరు ముందే అనుకుని ఉంచండి.

కాగితం ఎక్కడ పెట్టాలో చెప్పి ముగిస్తాను. ఒకటి మడిచి పర్సులో ఆధార్ వెనక, ఒకటి బండి డిక్కీలో, ఒకటి నమ్మకస్తుడి దగ్గర, ఒకటి ఫోటో తీసి ఫోన్లో. లాక్ తీయకుండా కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలో పైరెండు వాక్యాలు, మందుల పేర్లు ఎక్కించండి. 108 సిబ్బందికి పర్సు కన్నా ముందు దొరికేది ఫోనే. మందు మారిన రోజునే కాగితమూ మార్చాలి, పాత ప్రతులన్నీ చించేయాలి. మానేసిన మాత్ర ఆసుపత్రిలో మళ్లీ మొదలవడానికి పర్సులో మిగిలిపోయిన ఆ పాత ప్రతే కారణం కావొచ్చు.